బ్రెడ్ మెషీన్‌కి చెయ్యి ఉంది, కన్ను లేదు

పిండి కలిపి, పొంగించి, కాల్చి పెట్టే బ్రెడ్ మెషీన్ కొన్న కొత్తలో రోజూ తిరిగి, కొన్నాళ్లకి అటకెక్కడం మామూలే. యంత్రం నాసిరకమనో, మనకి ఓపిక లేదనో సరిపెట్టుకుంటాం. నాకు మాత్రం అసలు చిక్కు 'అన్నీ వేసి బటన్ నొక్కితే చాలు' అన్న మాట దగ్గరే మొదలవుతుందనిపిస్తుంది. ఒకరోజు చక్కగా పొంగిన బ్రెడ్, అవే కొలతలతో మర్నాడు ఇటుకలా దిగుతుంది. ఎందుకలా అయిందో అంతుపట్టదు. నాలుగుసార్లు అలా జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది.

ఈ యంత్రం ఎలా పుట్టిందో చూస్తే సంగతి కొంత అర్థమవుతుంది. 1980ల్లో జపాన్‌లో మత్సుషిత ఎలక్ట్రిక్, అంటే ఇప్పటి పానసోనిక్, ఇంట్లో వాడుకునే బ్రెడ్ యంత్రం తయారుచేయబోయింది. మొదటి నమూనాల్లో పైపొర మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండిపోయేది. యంత్రం కలిపిన పిండిని, అనుభవం ఉన్న బేకర్లు కలిపిన పిండిని ఎక్స్-రే తీసి పోల్చినా ఫలితం లేకపోయింది. చివరికి ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన బేకర్ దగ్గర శిష్యరికం చేశారు. ఆ బేకర్ పిండిని పిసుకుతూనే ఒక పద్ధతిలో సాగదీస్తున్నారని ఆమె గమనించారు. ఆ సాగదీత రావడానికి ఇంజనీర్లు యంత్రం లోపల ప్రత్యేకంగా గట్లు ఏర్పాటు చేశారు. అలా బేకర్ చేతివాటం పెట్టెలోకి వచ్చింది. అయితే పిసికేటప్పుడు బేకర్ చేతులతో పాటు కళ్లు కూడా పనిచేస్తూనే ఉంటాయి. ఈరోజు పిండి గట్టిగా ఉంది, కాసిని నీళ్లు పడాలి. గది చల్లగా ఉంది, ఇంకాసేపు ఆగాలి. ఈ నిర్ణయాలు పెట్టెలోకి రాలేదు.

చేతి పనిలో మాత్రం యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు. గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రొటీన్లు నీళ్లు తగిలాక ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అవుతాయి. ఈస్ట్ వదిలే గ్యాస్‌ని పట్టి ఉంచేది ఆ సాగే అల్లికే. అది త్వరగా బిగువెక్కాలంటే ఎడతెరిపి లేకుండా పిసకాలి. మన మణికట్టు పది నిమిషాలకే మొరాయిస్తుంది, యంత్రానికి ఆ బాధ లేదు. కీళ్లనొప్పులతో ఇంట్లో బ్రెడ్ చేసుకోవడం మానేసినవాళ్లకి ఈ ఒక్క సాయం కోసమైనా యంత్రం కొనుక్కోమని నిస్సంకోచంగా చెబుతాను. పిసికింది యంత్రమైతే అది ఇంటి బ్రెడ్ ఎలా అవుతుందనే వాదన నాకు అర్థం కాదు. ఏ పిండి వాడాలో, ఉప్పు ఎంత వేయాలో తేల్చుకునేది ఇంట్లోవాళ్లే కదా.

చిక్కంతా సమయం దగ్గర వస్తుంది. యంత్రానికి తెలిసింది గడియారం. ఇన్ని నిమిషాలు కలుపుతుంది, ఇన్ని నిమిషాలు పొంగనిస్తుంది, ఆపైన కాల్చేస్తుంది. ఈస్ట్ నడిచేది వేడిని బట్టి. 20 డిగ్రీల దగ్గర నింపాదిగా పొంగే ముద్ద 30 డిగ్రీల దగ్గర తొందరపడిపోతుంది. చలిగా ఉంటే లోపలి హీటర్ కాస్త వెచ్చబెడుతుంది. ఎండాకాలంలో పిండిని చల్లబరిచే ఏర్పాటు మామూలు మెషీన్‌లో ఉండదు, పైగా పిసికేటప్పుడు రాపిడికి పిండి ఇంకా వేడెక్కుతుంది. ముద్ద పొంగాల్సిన దానికంటే ఎక్కువ పొంగి, కాలే సమయానికి నడినెత్తిన కూలబడుతుంది. పాపం ఈస్ట్‌ని తిట్టుకుని కొత్త ప్యాకెట్ తెచ్చుకుంటాం. నిజానికి ఆ రోజు చల్లటి నీళ్లు పోసి, ఈస్ట్ కొంచెం తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది.

పిండి కొద్దీ రొట్టె అన్నారు. ఏ పిండి ఎన్ని నీళ్లు తాగుతుందో కొలతల పుస్తకం కచ్చితంగా చెప్పలేదు. ప్రొటీన్ ఎక్కువున్న పిండి ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, తవుడున్న గోధుమపిండి ఇంకా ఎక్కువ. కప్పు కొలత ఈ గందరగోళాన్ని పెంచుతుంది. పొడిపొడిగా నింపిన కప్పులో 120 గ్రాములుండే పిండి, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా పోతుంది. అందుకే యంత్రంతో పాటు చిన్న తూకం కూడా కొనుక్కోవాలి. తెల్ల బ్రెడ్‌కి 500 గ్రాముల పిండి, 300 నుంచి 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్‌తో మొదలుపెట్టవచ్చు. పూర్తి గోధుమపిండికి నీళ్లు 350 గ్రాములు దాటాల్సిందే.

అక్కడినుంచి మూత తెరిచి చూడటమే. పిసకడం మొదలయ్యాక పది నిమిషాలకి తెరిస్తే ఏ నష్టమూ లేదు. తెరవకూడనిది ఆఖరిసారి పొంగేటప్పుడు, కాలేటప్పుడు. పిండి ఒకే ముద్దగా బ్లేడు వెంట తిరుగుతూ, పాన్ గోడలకి అంటకుండా, అడుగున మాత్రం కాస్త పట్టీపట్టనట్టు ఉందంటే సరిగ్గా ఉన్నట్టే. వేలితో తాకితే మెత్తగా దిగి, వేలికి అంటీ అంటనట్టు వదలాలి. ముద్ద రెండు తునకలై గోడలకి దబదబా కొట్టుకుంటుంటే ఒక చెంచా నీళ్లు. అడుగంతా జావలా పరుచుకుంటే ఒక చెంచా పిండి. వేశాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, కంగారుపడి వెంటనే ఇంకో చెంచా వేయకూడదు. తవుడున్న పిండి నీళ్లు మెల్లగా పీలుస్తుంది కాబట్టి మొదట్లో పలుచగా కనిపించినా ఇంకాస్త ఓపిక పట్టాలి. ఈ పది నిమిషాల చూపుతో బాగుపడినంతగా బ్రెడ్ ఏ ఖరీదైన మోడల్‌తోనూ బాగుపడదు.

గంటలో బ్రెడ్ ఇచ్చే రాపిడ్ ప్రోగ్రాం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఈస్ట్ ఎక్కువ వేసి పిండిని తొందరపెట్టడమే దాని కిటుకు. రుచినిచ్చే పదార్థాలు పిండి పులుస్తూ ఉండగా నెమ్మదిగా పుడతాయి, ఆ వ్యవధే దానికి ఇవ్వరు. ఫ్యాక్టరీలు ఈ దారి ఎప్పుడో పట్టాయి. 1961లో ఇంగ్లండ్‌లో రూపొందిన చోర్లీవుడ్ పద్ధతిలో వేగంగా తిరిగే మిక్సర్లు, విటమిన్ సి, కొవ్వు కలిసి గంటల తరబడి పులిసే పనిని కుదించేశాయి. దీనికి పూర్తిగా ఎదురు దారిలో, 2006లో న్యూయార్క్ బేకర్ జిమ్ లేహీ పిసకకుండానే చేసే బ్రెడ్‌ని పత్రికా పాఠకులకి పరిచయం చేశారు. పలుచటి పిండిని 12 గంటలకి పైగా వదిలేస్తే గ్లూటెన్ తనంతట తానే అల్లుకుంటుంది. ఆ వ్యవధిని మింగేసే ప్రోగ్రాం కోసం ఇంట్లో యంత్రం పెట్టుకోవడం ఎందుకు? నాలుగు గంటల ప్రోగ్రాం రాత్రి టైమర్‌తో పెట్టుకోవచ్చు. అడుగున నీళ్లు, పైన పిండి, పిండి నడుమ పొడిగా ఈస్ట్. పాలూ గుడ్లూ ఉన్న రోజు మాత్రం టైమర్ జోలికి వెళ్లకూడదు.

కాల్చడంలో యంత్రం అంతంతమాత్రం. హీటర్ పాన్ చుట్టూ అడుగు భాగంలో ఉంటుంది కనుక పక్కలు ముదురు రంగు తేలి పైభాగం పాలిపోతుంది. ఓవెన్ ఉన్నవాళ్లు పిండి కలిపి పొంగించి ఆగిపోయే డో ప్రోగ్రాం వరకే యంత్రాన్ని వాడి, ముద్దని తీసి తమకి నచ్చిన ఆకారంలో ఓవెన్‌లో కాల్చుకోవడం మేలు. అడుగున బ్లేడు చేసే కన్నం బాధ కూడా తప్పుతుంది.

ఇంట్లో చేసిన బ్రెడ్ త్వరగా పాడవుతుందనే ఫిర్యాదు నిజమే. అంగడి బ్రెడ్‌లో బూజుని ఆపడానికి కాల్షియం ప్రొపియొనేట్, మెత్తదనం నిలవడానికి ఎమల్సిఫయర్లు వేస్తారు. వాటికి భయపడాల్సిన పని లేదు, అవి వాటి పని చేస్తాయి. మనది అవి లేని బ్రెడ్, రెండు మూడు రోజుల్లో తినేయాలి. ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు నేరుగా టోస్ట్ చేసుకోవాలి.

యంత్రాలు తయారుచేసేవాళ్లు మారాల్సింది కూడా ఉంది. వంటకాల పుస్తకాల్లో కప్పులకి బదులు గ్రాములు ఇవ్వాలి. పొంగే నిమిషాలు పెంచుకునే, తగ్గించుకునే వీలు కొన్ని మోడళ్లలో ఇప్పటికే ఉంది, అది అన్నిటిలోనూ ఉండాలి. కొత్తగా కొనేవాళ్లు ఎన్ని ప్రోగ్రాంలు ఉన్నాయో లెక్కపెట్టేముందు, నిమిషాలు మార్చుకోనిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.