ఉదయ్‌పూర్‌లో పెళ్లట!

మా మేనకోడలి పెళ్లి పిచోలా సరస్సు ఒడ్డు హోటల్లో. కిటికీ తీస్తే ఎదురుగా సిటీ ప్యాలెస్. చూపుకి బాగానే ఉంది. ముహూర్తమేమో తెల్లవారుజామున! రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకూ, మేళమూ కూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. సరే, అది చట్టం. అయినా మైకు లేని ఉత్త సన్నాయి, డోలు కూడా వద్దంటే ఎలాగండీ? గట్టిమేళం లేకుండా తాళి కట్టించారు, ఏదో దొంగపెళ్లిలా. హోమం వెలిగిస్తే హాల్లో అలారం మోగుతుందట, లాన్‌లోకి పొమ్మన్నారు. ఆ మార్గశిరపు చలికి పంతులుగారి మంత్రం సగం, వణుకు సగం. పాత ఊరి సందుల్లో బస్సు దూరదు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యల్ని ఆటోల్లో కుక్కాం. ఇంతా చేసి విస్తట్లో పప్పుచారు లేదు, అసలు విస్తరే లేదు, పింగాణీ పళ్లెంలో దాల్ బాటీ. మన వంటవాళ్లని రానివ్వరు. పిన్ని తెచ్చిన గోంగూర సీసా టేబుల్ కింద చేతులు మారుతుంటే, అదీ చూసి ‘బయటి తిండి నిషేధం’ అన్నాడొకడు!