వడదెబ్బకు రెడ్ వైన్ ఔషధమట!

మార్చి దాటితే చాలు, మా హనుమకొండ మిత్రుల వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఆ సందేశం మళ్ళీ లేస్తుంది. “వేసవి భోజనంతో ఒక గ్లాసు లైట్ రెడ్ వైన్ తీసుకోండి. పండ్ల రసమే కదా! వడదెబ్బ దరిచేరదు, ఒంటికి చలువ, గుండె పదిలం. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి తాగండి. మన కారం కూరలకు దివ్యమైన జోడీ.” పంపేది కుర్రవాళ్ళు కాదు, మనవళ్ళను ఎత్తుకున్న పెద్దమనుషులు.

పండ్ల రసమట. అలాగైతే కల్లు కూడా చెట్టు నీరే. చలువ సంగతి: తాగగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది. దాన్ని చలువ అనాలంటే చాలా అభిమానం ఉండాలి.

వడదెబ్బ దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. వైన్‌లో 85 శాతం నీళ్ళే కాబట్టి దాహం తీరుతుందని ఆ సందేశం వాదన. మిగతాదాంట్లో చాలావరకు, అంటే మొత్తం వైన్‌లో 12, 13 శాతం, ఆల్కహాలేనని రాయడం మరిచిపోయారు పాపం. 150 మిల్లీలీటర్ల గ్లాసులో అది దాదాపు 14 గ్రాములు. ఒంట్లో నీరు నిలపమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. చెమట రూపంలో పోయేది చాలనట్టు మూత్రం రూపంలోనూ నీరు పోతుంది. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు వేసుకునేవారికి ఇది మరీ చేటు.

ఇంకో ప్రమాదం ఉంది. తల తిరగడం, వాంతులు, మాట తడబడడం వడదెబ్బ లక్షణాలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే మనిషి మధ్యాహ్నం ఈ ‘ఔషధం’ పుచ్చుకుని మళ్ళీ ఎండలోకి వెళ్ళి కూలబడ్డాడనుకోండి. నోటి దగ్గర వాసన చూసినవారు ఏమంటారు? “తాగి పడిపోయాడు, కాసేపు పడుకోనివ్వండి” అంటారు. తడిగుడ్డ చుట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయమంతా ఆ నిద్రలో పోతుంది. వేసవి జాగ్రత్తల్లో మద్యం వద్దని ప్రభుత్వం ఏటా చెబుతూనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

గుండె కథ పాతదే. వెన్న తిన్నా ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు కారణం వైన్ కావచ్చని 1992లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. తర్వాత ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం పేరు మోగింది. పరిశోధనల్లో అది తరచు వందల మిల్లీగ్రాములు ఇస్తారు. లీటరు వైన్‌లో ఉండేది మహా అయితే కొన్ని మిల్లీగ్రాములు. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మన గ్రూపు అడ్మిన్‌కు అంతకన్నా ఎక్కువ తెలిస్తే చెప్పండి, చందాలు వేసి జెనీవాలోని ఆ సంస్థ ఆఫీసుకే పంపిద్దాం.

ఫ్రిజ్ మాట మాత్రం నిజం, మన ఎండలకు అరగంట చాలదు గానీ. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలని గద్దించే పండితులకన్నా ఈ సందేశమే నయం. వారు చెప్పే గది ఐరోపాలోది, 16, 18 డిగ్రీలది. మే నెలలో మన గదిలో పెట్టిన సీసా తెరిస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. గామే ద్రాక్షతో చేసే బోజొలే వంటి తేలికపాటి వైన్‌లలో వగరు తక్కువ. 12, 14 డిగ్రీల దగ్గర వాటి పండు రుచి బాగా తెలుస్తుంది. పొద్దుగూకాక, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని, రుచి కోసం తాగుతున్నానని చెప్పి తాగే పెద్దలతో నాకు పేచీ లేదు.

కారం కూరలకు జోడీ అంటారా? చపాట మిర్చి వేస్తే సరే, అందులో రంగెక్కువ, కారం తక్కువ. తేజ మిర్చి వేసి నాటుకోడి వండితే మాత్రం ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. ఆ పూటకు మజ్జిగ తాగండి.