గీకితే రాలే విషం

ఇంట్లో పెళ్లి కుదిరినా, కూతురు కాన్పుకు పుట్టింటికి వస్తున్నా, అమెరికాలో ఉన్న కొడుకు పిల్లలతో దిగుతున్నా మన ఊళ్లలో ముందుగా కబురందేది పెయింటరుకే. గోడలకు రెండు కోటింగులు, తలుపులకు, కిటికీలకు ఎనామిల్, గేటుకు కాస్త మెరుపు. తాతల నాటి ఇల్లయితే పని పెరుగుతుంది. పెచ్చులూడుతున్న పాత రంగును ముందు గీకాలి, ఆపైన ఉప్పు కాగితంతో రుద్దాలి. పని జరిగినన్ని రోజులూ ఇల్లంతా సన్నటి పొడే. మంచాల మీద, బియ్యం డబ్బా మూత మీద, దండెం మీది బట్టల మీద పేరుకునే ఆ పొడిలో సీసం (లెడ్) అనే విషలోహం ఉండొచ్చన్న ఆలోచన ఇంటివారికి లేదు, మేస్త్రీకి లేదు. చెప్పాల్సిన ప్రభుత్వాలకూ లేదు.

ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి మన దేశం తప్పనిసరి పరిమితి పెట్టి ఎంతో కాలం కాలేదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 నవంబరు 1న ప్రకటించిన నిబంధనలు ఏడాది గడిచాక, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదు. అంతకు ముందున్న ప్రమాణాలు పాటిస్తే పాటించినట్టు, లేకుంటే లేదు. పెద్ద కంపెనీల్లో కొన్ని ముందే సీసం వాడకం మానుకున్నాయి. చిన్న తయారీదారుల డబ్బాల్లో మాత్రం నిబంధన వచ్చాక కూడా పరిమితికి మించిన సీసం పరీక్షల్లో బయటపడింది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు కాబట్టి అక్కడ అంతకు ముందు కట్టిన ఇంటిని అనుమానిస్తారు. మన లెక్కన అనుమానించాల్సింది మండువా లోగిళ్లనో, దేవిడీలనో మాత్రమే కాదు. 2005లో కొన్న అపార్ట్‌మెంటు తలుపూ ఆ జాబితాలోకే వస్తుంది.

అన్ని రంగులదీ ఒకే తీరు కాదు. వట్టి సున్నం కొట్టిన గోడతో ఈ భయం లేదు. చూసుకోవలసింది ఆయిల్ పెయింటు, అంటే తలుపులకు వేసే ఎనామిల్ లాంటివి. త్వరగా ఆరడానికి అందులో సీసపు లవణాలు కలిపేవారు. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల నిగనిగకు సీసపు క్రోమేటు వాడేవారు. అందుకే ముదురు రంగుల్లోనే సీసం ఎక్కువగా దొరుకుతుంది. ఇప్పుడు మన గడప వైపు చూడండి. రోజూ పసుపు రాసే తీరిక లేక దానికి పసుపు రంగు ఎనామిల్ కొట్టించి, పైన ఎర్ర బొట్లు దిద్దించడం రెండు రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉన్నదే. ఇంటిల్లిపాది కాళ్ల కింద నలిగి రంగు అరిగేది అక్కడే. పాకే బిడ్డ దాటాలని చూసేదీ, మీద చెయ్యి పెట్టి ఆ చెయ్యి నోట్లో పెట్టుకునేదీ ఆ గడపే. కిటికీ రెక్కలు రాసుకునే చోట, ఉయ్యాల బల్ల అంచున, తరతరాలుగా వస్తున్న పిల్లల మంచం కోళ్ల మీద జరిగేదీ ఇదే.

ఈ సంగతి కనిపెట్టింది ఈనాటి వైద్యులు కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పిల్లలు సీసం విషానికి గురవుతున్నది ఇళ్ల వరండా కటకటాలకు వేసిన రంగు వల్లేనని బ్రిస్బేన్ వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లోనే చెప్పారు. పిల్లల చేతికందే చోట సీసపు రంగు వేయకూడదని అక్కడ 1922లో చట్టం వచ్చింది. మనకు ఆ పరిమితి వచ్చేసరికి ఇంచుమించు వందేళ్లు పట్టింది.

పెద్దల కడుపులోకి పోయిన సీసంలో కొంతే ఒంటికి పడుతుంది. పసివాళ్లకు అంతకు నాలుగైదు రెట్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకూ పర్వాలేదనే మోతాదు ఏదీ లేదని కూడా ఆ సంస్థే అంటోంది. సీసం రక్తంలోంచి ఎముకల్లోకి చేరి దశాబ్దాలు అక్కడే ఉండిపోతుంది. గర్భవతి ఎముకల్లోంచి తిరిగి రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డను చేరుతుంది. తెలివితేటలు మందగించడం, మనసు నిలవకపోవడం, చదువులో వెనకబడటం పైకి జబ్బులా కనిపించవు. కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకుతో బిడ్డను తీసుకెళ్తే నులిపురుగుల మందు చేతిలో పెట్టడమే తప్ప రక్తంలో సీసం చూడమని రాసే వైద్యులు అరుదు. ఇనుము తక్కువైన ఒంటికి సీసం మరింత త్వరగా పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూసిన ఆరోగ్య శాఖ మనకు కనిపించదు. దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్లకు, 5 మైక్రోగ్రాములకు మించి ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. దీనంతటికీ రంగులే కారణమని మేము అనడం లేదు. పాత బ్యాటరీలు కరిగించడం దగ్గర్నుంచి కల్తీ పసుపు దాకా దారులు చాలా ఉన్నాయి. ఇంట్లో మన చేతులతో మనమే తెరుస్తున్న దారి మాత్రం ఇది.

అందరికన్నా ఎక్కువగా పీల్చేది పెయింటరు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, పొద్దంతా రుద్ది, అదే చేత్తో బీడీ ముట్టించి, అదే లుంగీతో ఇంటికెళ్లి పిల్లాణ్ని ఎత్తుకుంటాడు. పాత తలుపు రంగు ఊడదీయడానికి బ్లో ల్యాంపు మంట పెట్టి కాల్చడం మరీ ప్రమాదం, సీసం పొగై నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం విషాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చేర్చింది. అది ఫ్యాక్టరీ గేటు లోపలి మాట. వీధి చివర సెంటర్లో నిలబడి పని కోసం ఎదురుచూసే దినకూలీకి అందులో దక్కేదేమీ లేదు.

మరొకటి ఎవరి కంటా పడదు. ఊడదీసిన పాత తలుపు చెక్కలు, కిటికీ చట్రాలు పెరట్లో నీళ్ల కాగు కిందికి పోతాయి. రంగు మాడిపోతుంది, సీసం మాత్రం బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముతారు, మిగిలింది కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తారు.

అమెరికాలో 2010 ఏప్రిల్ నుంచి 1978కి ముందటి ఇళ్లలో డబ్బు తీసుకుని మరమ్మతు చేసేవారికి ప్రత్యేక శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి. మంటతో రంగు కాల్చడం నిషిద్ధం. పని మొదలు కాకముందే ఇంటివారికి ప్రమాదాన్ని వివరించే పుస్తకం చేతికివ్వాలి. న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే తెలుగువాళ్లు సీసం గురించిన హెచ్చరిక కాగితాలు చదివి సంతకాలు పెడతారు. సెలవుల్లో పిల్లలతో ఇక్కడికొచ్చేసరికి నాన్నగారు హాల్లో తలుపు గీకిస్తుంటారు. అమెరికా పద్ధతి మొత్తాన్ని ఇక్కడికి దించలేం, అంత ఖర్చు మన మధ్యతరగతి భరించలేదు. అందులోని సగం జాగ్రత్తలకు మాత్రం పైసా ఖర్చు లేదు.

పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే దాని జోలికి పోవద్దు, పైనే కొత్త కోటు వేయించండి. గీకక తప్పకపోతే తడిపి గీకించండి. కార్ల పనివాళ్లూ, మంచి పెయింటర్లూ వాడే, తడిపి రుద్దే వాటర్ పేపరు ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ దొరికేదే. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలినదంతా మూటగట్టాలి. పొడి చీపురుతో ఊడిస్తే పొడి మళ్లీ గాల్లోకి లేస్తుంది, మామూలు వాక్యూమ్ క్లీనరూ అంతే. తడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడవాలి. తుడవడం పూర్తయ్యే దాకా పిల్లలనూ, గర్భిణినీ ఆ ఇంట్లో ఉంచకూడదు. కాన్పుకు కూతురు వచ్చాక రంగులు మొదలుపెట్టడం కన్నా అసలు వేయించకపోవడమే నయం.

ఇక ప్రభుత్వాల పని. రెండు రాష్ట్రాల భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల దగ్గర నిర్మాణాల మీద వసూలు చేసిన సెస్సు డబ్బుంది. పెయింటర్లకు ధూళిని వడగట్టే బిగుతైన మాస్కులు, ఒక పూట శిక్షణ, ఏటా రక్తంలో సీసం పరీక్ష ఆ డబ్బుతో జరగాలి. దుకాణాల్లోని చిన్న బ్రాండ్ల డబ్బాలను కొని పరీక్ష చేయించి, ఫలితాలను పేర్లతో సహా ప్రకటించాలి. నిబంధన వచ్చింది కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు.

వీటన్నిటికన్నా ముందు బడుల సంగతి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి పథకాల పనుల జాబితాలో బడి మొత్తానికి రంగులు వేయడం ఒకటిగా ఉండేది. పథకాల పేర్లు మారినా రంగుల పని ఏటా ఏదో ఒక బడిలో, అంగన్‌వాడీలో సాగుతూనే ఉంటుంది. ఆ టెండర్లలో రంగు డబ్బా మీద సీసం 90 పీపీఎం మించదన్న హామీ ఉండాలని, పాత రంగును పొడిగా గీకకూడదని, బడి సెలవుల్లోనే పని ముగించాలని మూడు షరతులు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. వచ్చే వేసవి సెలవుల టెండర్లు పిలిచేలోగా అది రావాలి.