హెడ్‌ఫోన్స్ చెవికి పెట్టి చూశాకే డబ్బులివ్వండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ షాపులో హెడ్‌ఫోన్స్ అడిగినా ముందు వచ్చే మాట "బేస్ అదిరిపోద్ది సార్". బరువెంత అంటే మాత్రం డబ్బా తిప్పి చూసుకోవాలి. ఆన్‌లైన్ క్లాసులకీ ఆఫీసు కాల్స్‌కీ గంటల తరబడి నెత్తిన ఉండే వస్తువు ఇది. చూడాల్సింది బరువు, బిగువు, ప్యాడ్. సౌండ్ ఆ తర్వాతే. అరగంటకే చెవి నొప్పెట్టి తీసి పక్కన పడేసేదాంట్లో బేస్ ఎంతుంటే ఏం లాభం?

మన ఎండలకీ ఉక్కపోతకీ చెవిని మొత్తం కప్పేసే పెద్ద రకం ఏసీ గదిలో తప్ప పనికిరాదు. చెవి మీద ఆనే ఆన్-ఇయర్ రకమైతే చుట్టూ గాలి ఆడుతుంది, ఇంట్లో ఎవరైనా పిలిస్తే వినపడుతుంది. అయితే రోజూ గుంటూరు-విజయవాడ బస్సులో వాడేవాళ్లు ఇది కొనకండి. బస్సు మోతను దాటించడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. వారానికి 40 గంటలు వినే పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్, పిల్లలకి 75 మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

బరువు 150 గ్రాములు దాటనివ్వకండి. బ్లూటూత్‌లో సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520 147 గ్రాములు, ఒకసారి ఛార్జ్ చేస్తే 50 గంటల దాకా వస్తుందని కంపెనీ లెక్క. వైరుదైతే అదే సోనీ జెడ్‌ఎక్స్110 దాదాపు 120 గ్రాములు, బడ్జెట్ తక్కువున్న పిల్లలకి నా ఓటు దానికే. 1984 నుంచి వస్తున్న కాస్ పోర్టా ప్రో ఇంకా తేలిక. దాని స్పాంజ్ ప్యాడ్‌కి ఉక్కపోత తక్కువ. కానీ పాట పక్కవాళ్లకీ వినపడుతుంది, జారే ఇనుప బ్యాండ్‌లో జుట్టు ఇరుక్కుంటుంది.

అసలు బాధంతా బిగువుతోనే. ప్యాడ్ చెవి మృదులాస్థిని నొక్కుతుంది, కళ్లజోడు ఉంటే దాని కాడ చెవికీ తలకీ మధ్య నలుగుతుంది. దుద్దులుంటే వెనక శీల గుచ్చుకుంటుంది. అందుకే జోడూ దుద్దులూ తీయకుండానే షాపులో 15 నిమిషాలు పెట్టుకుని ఉండండి. మొహమాటపడొద్దు. వంగి చూస్తే జారకూడదు, చెవి పైఅంచు మండకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ అంటే డబ్బు వాపసా, ఇంకో పీసా అన్నది ముందే చదవండి. బిగువు పడనప్పుడు అదే మోడల్ మళ్లీ వచ్చి ఏం చేస్తుంది?

కొంచెమే బిగువైతే మీ తలకంటే కాస్త వెడల్పుగా పుస్తకాలు పేర్చి, రాత్రంతా దానికి తగిలించి ఉంచండి. బ్యాండ్ లోపల ఉక్కు పట్టీ ఉంటే సాగుతుంది. ఉత్త ప్లాస్టిక్ అయితే పొద్దున్నే మళ్లీ మామూలే. కప్పులు పట్టుకుని చేత్తో లాగితే ముందు విరిగేది మడత దగ్గరే.

బ్లూటూత్‌లో క్లాసు మధ్య మైక్ ఆన్ చేయగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతే పీస్ పాడైందనుకోకండి. చాలా మోడళ్లలో మైక్ వాడగానే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి మారి నాణ్యత తగ్గిస్తుంది. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుంటే సరి. వైరుదాంట్లో పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే మామూలుగా మైక్ ఉన్నట్టు, రెండైతే లేనట్టు.

ఇక రెగ్జిన్ ప్యాడ్లు. చెమటకీ తేమకీ పై పొర ఊడి నల్లగా చెవులకంటుకుంటుంది. శానిటైజర్‌తో తుడిస్తే ఇంకా తొందరగా పోతుంది. వాడాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ప్యాడ్ ఊడదీసి మార్చుకునే వీలుందో లేదో కొనేటప్పుడే అడగండి. మార్చాల్సొస్తే పాత ప్యాడ్ వెడల్పు మిల్లీమీటర్లలో కొలుచుకుని కొనండి. పోర్టా ప్రోకి 50, జెడ్‌ఎక్స్110కి 70 సరిపోతాయి. కొత్తదాని అంచును కప్పు గాడిలో ఒక పక్క దూర్చి, వేలితో చుట్టూ లాక్కుంటూ వస్తే ఎక్కేస్తుంది.