కోచ్‌ను మార్చినంత మాత్రాన జట్టు మారదు

టెక్సస్‌లోని ప్రభుత్వ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల ఓటములకు కోచ్‌లే కారణమన్న వాదనతో నేను ఏకీభవించలేను. తెలుగువారు ఎందరో స్థిరపడిన అక్కడి ఆలెన్ నగరంలో, ఓటర్లు ఆమోదించిన బాండ్ల (ఆస్తిపన్నుతో తీర్చే అప్పుల) సొమ్ముతో 2012 నాటికే హైస్కూల్ జట్టుకు 6 కోట్ల డాలర్ల స్టేడియం వెలిసింది. ఆస్తిపన్ను అంతగా రాని పేద ప్రాంతాలకు ఆ వీలు ఎక్కడిది? మా అబ్బాయి ఆడిన బడిలో దాడికీ రక్షణకూ వేర్వేరుగా దింపేందుకు తగినంతమంది ఆటగాళ్లు లేక, దాడికి దిగిన పిల్లలే వెంటనే రక్షణకూ నిలబడేవారు. ఆటలో చివరి భాగమైన నాలుగో క్వార్టర్ వచ్చేసరికి మోకాళ్లపై చేతులు ఆన్చి వగర్చేవారు. బడి విడవగానే కొందరు దుకాణాల్లో పనికి, కొందరు తమ్ముళ్లను చూసుకోవడానికి వెళ్లిపోయేవారు కనుక సాధన ఏనాడూ పూర్తిగా జరగలేదు. పైగా కోచ్ మారిన ప్రతిసారీ ఆ అలసిన పిల్లలే కొత్త ఆటతీరును మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చేది.