కుంచె, పాలెట్ బొమ్మ పెడితే డిజైన్ కాలేజీ లోగో అయిపోతుందా?

ఆర్ట్ కాలేజీ లోగో అనగానే కుంచె, పెన్సిల్, నాలుగు రంగుల చిందులు. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కుంచె బొమ్మ రంగు డబ్బా మీద కూడా ఉంటుంది. ఆ కాలేజీలో ఏం నేర్పుతారో, ఎలా నేర్పుతారో అది చెప్పదు. అక్షరాల మధ్య ఖాళీ సరిగ్గా లేదని మార్కులు కోసే చోట, గేటు మీదున్న అక్షరాలే కుదురుగా లేకపోతే ఆ పాఠాన్ని పిల్లలు ఎందుకు నమ్మాలి?

జర్మనీలోని డిజైన్ బడి బౌహౌస్‌నే చూడండి. 1919లో మొదలైనప్పుడు కార్ల్ పీటర్ రోల్ వేసిన ముద్రలో చేతులెత్తి పిరమిడ్ మోస్తున్న గీతల మనిషి ఉంటాడు, చుట్టూ చిహ్నాలు. చేతిపని, ఆధ్యాత్మికత కలగలిసిన తొలి రోజులవి. 1922లో ఆస్కర్ ష్లెమ్మర్ ముద్ర వచ్చింది. పక్క నుంచి చూసిన మనిషి ముఖం: అన్నీ అడ్డగీతలు, నిలువుగీతలే, కన్ను ఒక చిన్న చదరం. ముఖంలో ఒక్క వంపు లేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే మూడేళ్లలో ఆ బడి ఆలోచన ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. 1925లో హెర్బర్ట్ బాయర్ లెటర్‌హెడ్‌లో పెద్దక్షరాలే (క్యాపిటల్ లెటర్లు) ఎత్తేసి, దానివల్ల టైం ఆదా అవుతుందని ఆ కాగితం మీదే అచ్చు వేయించాడు. నమ్మిందాన్ని ఉత్తరం కాగితం దాకా పాటించడం అంటే అదీ.

ఈ మధ్యకాలంలో నాకు బాగా నచ్చింది టొరంటోలోని ఆర్ట్, డిజైన్ విశ్వవిద్యాలయం ఓకాడ్ యూనివర్సిటీది. 2011లో బ్రూస్ మావ్ డిజైన్ సంస్థ చేసింది. నల్లటి చదరపు ఫ్రేములు, కిటికీల్లా. విల్ ఆల్సాప్ కట్టిన వాళ్ల భవనం (2004) కూడా అంతే, తెల్లటి పెట్టె మీద నల్ల చదరాలు. ఏటా పతకాలు గెలిచిన విద్యార్థులను పిలిచి ఆ ఫ్రేములో తమ పని పెట్టమనాలన్నది ఆలోచన. చట్రం కాలేజీది, లోపలి బొమ్మ విద్యార్థిది. కాలేజీ పని అదే కదా! పిల్లల పనిని గొప్పగా చూపిస్తామని బ్రోషర్లో పది పేజీలు రాసినా ఇంత నమ్మకం కలగదు.

అలాగని మారే లోగో ప్రతిసారీ నిలబడదు. అమెరికాలోని పరిశోధనశాల ఎంఐటీ మీడియా ల్యాబ్ 2011లో కంప్యూటర్ సూత్రంతో 40,000 రూపాలిచ్చే గుర్తు పెట్టుకుంది, ఒక్కొక్కరికీ ఒక్కో రూపం వచ్చేలా. 2014కల్లా పెంటాగ్రామ్ అనే డిజైన్ సంస్థ చేతుల్లో అది 7×7 గళ్ల గ్రిడ్‌కి మారింది. ల్యాబ్‌కి ఒక గుర్తు, 23 పరిశోధన బృందాలకూ అదే గ్రిడ్‌లో తలొకటి. నాకు అర్థమైంది ఇదే: వెరైటీ ఎంత ఉన్నా కన్ను గుర్తుపట్టడానికి కదలనిది ఒకటి కావాలి. ఫ్రేమ్ మందమో, గళ్ల లెక్కో, ఏదో ఒకటి.

అసలు దెబ్బ తగిలేది వాడకంలో. ప్రెజెంటేషన్లో గోడంత కనిపించిన లోగో బ్రౌజర్ ట్యాబ్‌లో 16 పిక్సెళ్లకు దిగుతుంది. అక్కడ రెండు గీతల మధ్య ఒక పిక్సెల్ ఖాళీ కూడా మిగలకపోతే అది మచ్చే. అందుకే చిన్న సైజుకి వేరే డ్రాయింగ్ కావాలి, తక్కువ గీతలతో. టీషర్టు మీద ఎంబ్రాయిడరీ చేస్తే ఒక మిల్లీమీటరు కన్నా సన్నటి గీత దారంలో మునిగిపోతుంది. నల్ల నేపథ్యం మీద తెల్ల గీత అసలు కన్నా లావుగా కనిపిస్తుంది కాబట్టి ఆ వెర్షన్‌లో గీత కాస్త పలచన చేయాలి. ఊరికే రంగులు తిరగేస్తే సరిపోదు. రంగుల కలనేత మీదే బతికే లోగోని రబ్బరు స్టాంపుగా కొట్టి చూడండి, ఏమీ మిగలదు.

ఇక ప్రతి డిపార్ట్‌మెంటూ సొంత లోగో చేసుకోవడం. ఇది పెద్ద జబ్బు. పేరు ఎక్కడ రావాలి, ఎంత ఎడం వదలాలి, పొడుగు పేరైతే ఎక్కడ విరవాలి అని ముందే వెక్టర్ ఫైల్లో (ఎంత పెంచినా చెదరని బొమ్మ ఫైలు) కట్టి ఇవ్వకపోతే ఎవరికి తోచింది వాళ్లు అతికిస్తారు. తప్పు వాళ్లది కాదు, ఇవ్వనివాళ్లది.

కొత్త లోగో ఖరారు చేసే ముందు ఒక్క పని చేయండి. ఫైలు మొదటి సంవత్సరం పిల్లల చేతికిచ్చి, వారం రోజులు వాళ్లిష్టం వచ్చినట్టు వాడుకోమనండి: పోస్టరు, స్టాంపు, ఫోన్ ఐకాన్, జిరాక్స్ కాపీకి జిరాక్స్. ఎక్కడెక్కడ పాడైందో వాళ్లే గోడకి అంటించి చూపిస్తారు.