షట్టర్ దించినంత మాత్రాన కంపెనీ మూతపడదు

హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితులు పెట్టిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడవలేదనుకుందాం. అద్దె గది ఖాళీ చేశారు, కంప్యూటర్లు అమ్మేశారు, బోర్డు దించేశారు. వాళ్ల మటుకు కథ ముగిసింది. కంపెనీల రిజిస్ట్రార్ లెక్కలో మాత్రం ఆ కంపెనీ బతికే ఉంది. ఏటా ఆర్థిక నివేదిక, వార్షిక రిటర్ను దాఖలు చేయాల్సిందే. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. రెండూ కలిపితే ఏడాదికి 73,000. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే మరో కంపెనీలో డైరెక్టర్‌గా చేరడానికి ఐదేళ్లపాటు అనర్హులవుతారు.

అప్పులేవీ మిగలని చిన్న కంపెనీకి దగ్గరి దారి, రిజిస్టర్ నుంచి పేరు కొట్టేయించుకునే 2013 కంపెనీల చట్టంలోని 248వ సెక్షన్. ప్రత్యేక తీర్మానంతోనో, 75 శాతం వాటా మూలధనం ఉన్న సభ్యుల సమ్మతితోనో ఎస్‌టీకే-2 ఫారం వేయాలి. రుసుము 10,000 రూపాయలు. అయితే వ్యాపారం ఆగిన సంవత్సరం వరకు పాత బకాయి రిటర్నులన్నీ ముందు దాఖలు చేయాలి. చిన్నవాళ్లు చతికిలపడేది ఇక్కడే. ఆలస్య రుసుము చూసి బెదిరి, మూసివేత ఊసే ఎత్తరు. నిజాయతీగా ఓడిపోయినవాళ్లు తప్పించుకు తిరిగేలా చేసే రుసుము ఎవరికి మేలు? చిన్న కంపెనీలకైనా దానికి ఒక పరిమితి పెట్టాలి.

ఆస్తులు, చెల్లింపులు మిగిలి ఉన్న కంపెనీకి దివాలా స్మృతిలోని 59వ సెక్షన్ ఉంది. దానికి ప్రాణం డైరెక్టర్ల అఫిడవిట్. కంపెనీకి అప్పులు లేవని, లేదా ఆస్తులు అమ్మి అన్నీ పూర్తిగా తీర్చగలమని, ఎవరినీ మోసగించడానికి మూసేయడం లేదని మెజారిటీ డైరెక్టర్లు ప్రమాణం చేయాలి. నాలుగు వారాల్లో వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేసి, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే లిక్విడేటర్‌ను నియమిస్తారు. అప్పులుంటే, విలువలో మూడింట రెండు వంతులు రావలసిన రుణదాతలు ఏడు రోజుల్లో దాన్ని ఆమోదించాలి. వాటాదారుల వంతు చివరిది. రుణదాతలకు చెల్లించాక మిగిలిందే వాళ్లది. ఆఖరున కంపెనీని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్.

ఇంత తతంగం ఎందుకని విసుక్కునే డైరెక్టర్లు, చివరి నెల జీతం అందక తిరిగే ఉద్యోగి వైపు నుంచి చూడాలి. 248 కింద పేరు కొట్టేయించుకున్నా డైరెక్టర్ల బాధ్యత పోదు. గెజిట్ ప్రకటన వెలువడిన 20 ఏళ్లలోపు రుణదాత ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ కంపెనీని తిరిగి రిజిస్టర్‌లోకి ఎక్కించమని కోరవచ్చు.